గడియారముతో పందెము

2023 డిసెంబరు నెలలో నేను నంది కొండపై జరిగిన సైకిలు పందెమున పాల్గొంటినని మన పాఠశాలలో తెలియనివారు లేరు. పందెము ముగిసిన మరునాడు నేను తరగతిలో అడుగిడగనే విద్యార్థులందరును ఒక్క గొంతుతో, "సార్, ఎన్నో ప్లేసు?" అని అడిగిరి. నేను నవ్వి యూరకుంటిని. ఆనాడు దాటవేసిన ప్రశ్నకు ఈ సంచికలోనైన జవాబు వ్రాయవలసినదని పత్రిక పని చూచు విద్యార్థులు పలుమారు కోరిరి. జవాబు చిన్నది. పాల్గొన్న 64 మందిలో నాది 61వ స్థానము. కాని ఆ అంకె వెనుక ఒక కథ కలదు. ఆ కథలో నా తప్పు ఒకటి యున్నది. దానిని విడిచి తక్కినదంతయు వ్రాసినచో ఈ వ్యాసమువలన ఎవరికిని ప్రయోజనముండదు.

సైకిలు పందెములు పలు రకములు. అందరును ఒక్కమారుగా బయలుదేరి, ముందుగా గమ్యము చేరినవాడు గెలుచునది మనమెల్లరము ఎరిగినదే. నేను పాల్గొన్నది అట్టిది కాదు. దీనిని టైం ట్రయల్ అందురు. మన మాటలో గడియారముతో పందెమని చెప్పవచ్చును. ఇందు పోటీదారులు నిమిషమునకు ఒకరు చొప్పున ఒంటరిగా బయలుదేరుదురు. ప్రతివాని కాలమును విడివిడిగా లెక్కింతురు. అందరిలో తక్కువ కాలము పట్టినవాడు విజేత. ఒకని వెనుక ఒకడు అంటిపెట్టుకొని పోవుట నిషిద్ధము. ఏలయన, సమతలమైన దారిపై వేగముగా పోవువాని శక్తిలో అధికభాగము గాలిని చీల్చుటకే వ్యయమగును. ముందు పోవువాని చాటుననున్నవాడు ఆ శ్రమలో చాల భాగమును తప్పించుకొనగలడు. టైం ట్రయల్‌లో ఆ చాటు దొరకదు. కొండ ఎక్కునప్పుడైతే గాలికంటె మన బరువే మనకు పెద్ద భారము. కనుక కొండదారిపై జరుగు టైం ట్రయల్ మనిషి బలమును, అంతకంటె ఎక్కువగా అతని బుద్ధిని, ఉన్నదున్నట్లు బయట పెట్టును.

ఈ పద్ధతి పుట్టుక వినదగినది. 19వ శతాబ్ది చివర ఇంగ్లండులో సైకిళ్ళవారు గుంపులుగా రహదారులపై పందెములు వేయుచుండగా గుఱ్ఱములు బెదరుచున్నవని, బండ్లకు అడ్డమగుచున్నదని ఫిర్యాదులు పెరిగెను. పోలీసులు అడ్డుపడిరి. అచ్చటి సైకిలు సంఘమే రహదారి పందెములను వలదనెను. అప్పుడు బిడ్లేక్ అను నాయన, ఒక్కొక్కరిని ఎడముగా పంపినచో చూచువారికి అది పందెమువలె కనబడదు గదా యని యోచించి, 1895 అక్టోబరు 5వ తేదీన 50 మైళ్ళ పందెమును నడపించెను. ఆ తరువాత చాలకాలము ఆ దేశపు పోటీదారులు తెల్లవారుజామున, మెడనుండి పాదములవరకు నల్లని దుస్తులు తొడిగికొని, ఎవరి కంటను పడకుండ పందెములాడిరి. ప్రసిద్ధమైన టూర్ ద ఫ్రాన్స్ పందెమున ఒంటరి టైం ట్రయల్ 1934లో ప్రవేశించెను.

ఆ ఫ్రాన్సు పందెమునందే 2020 సెప్టెంబరు 19వ తేదీన జరిగిన సంగతి ఒకటి చెప్పెదను. మూడు వారముల పందెమున అది చివరిదానికి ముందు దినము. ఆనాటి దారి 36.2 కిలోమీటర్లు, తుదిభాగము కఠినమైన కొండ. స్లొవేనియా దేశీయుడగు రోగ్లిచ్ 57 సెకనుల ఆధిక్యముతో అందరికంటె ముందుండెను. అతని దేశమువాడే, ఇంకను 22 ఏండ్లు నిండని పొగాచర్, ఆ ఒక్కనాటి ప్రయాణముతో ఆ ఆధిక్యమును తుడిచివేసెను. మరునాడు పందెము ముగియునప్పటికి 59 సెకనుల తేడాతో విజేత అతడే. ఇంచుమించు చేతికి వచ్చిన గెలుపు జారిపోయినను రోగ్లిచ్ వచ్చి తనను ఓడించినవానిని అభినందించెను. అంతటివారి మాట యెత్తి వెంటనే నా మాట చెప్పుట సాహసమే. కాని కొండ వారికిని నాకును ఒకే ప్రశ్న వేయును: నీ శక్తి ఎంతయో నీకు తెలియునా?

నేను సైకిలు పట్టుటకు కారణము క్రీడాభిలాష కాదు. 2022లో వైద్యుడు నా రక్తపరీక్ష చూచి, చక్కెర హద్దుదాక వచ్చినదనియు, రోజును ఒళ్ళు వంచి శ్రమపడవలెననియు చెప్పెను. నాటినుండి బడికి స్కూటరుపై వచ్చుట మాని సైకిలెక్కితిని. కొన్ని నెలలకు మందు కాస్త మోజుగా మారెను. మిత్రునొకనివద్ద గేర్లుగల పాత సైకిలును కొంటిని. ఆదివారములలో పదిమైళ్ళు, ఇరువది మైళ్ళు పోవుచుంటిని. సైకిలు ఔత్సాహికుల సంఘమొకటి నంది కొండపై టైం ట్రయల్ జరుపుచున్నదనియు, నావంటి సామాన్యులును పాల్గొనవచ్చుననియు తెలియగా, ఇంటివారు నవ్వుచున్నను పేరు నమోదు చేయించుకొంటిని.

ఈ సాధన దినములలో జరిగిన చిన్న సంఘటన నొకదానిని మొదట చెప్పవలెను. అప్పుడు మన 9వ తరగతిలో ఒక బాలుడు ఉండెను. అతని అనుమతితోనే వ్రాయుచున్నాను గాని పేరు వ్రాయను. పట్టుపురుగుల మేతకై మల్బరీ ఆకు మోపును సైకిలు వెనుక కట్టుకొని, ప్రతి ఉదయము తోటనుండి మిట్టమీది తమ యింటికి చేర్చి, ఆపైన బడికి వచ్చుట అతని నిత్యకృత్యము. సైకిలునకు గేర్లు లేవు. మోపు 30 కిలోలకు తక్కువ యుండదు. అక్టోబరు నెలలో ఒక ఉదయము నేను ఆ మిట్ట ఎక్కుచు సగముదారిలో ఆయాసపడి దిగి నిలిచితిని. అతడు మోపుతో నన్ను దాటి పోయెను. పోయినవాడు ఇంటికి పోక, మిట్టపైన నాకొరకు కాచుకొనియుండెను.

"సార్, మీరు మొదుట్లోనే జోరుగా తొక్కుతుండారు. మిట్టకాడ మొదుట మెల్లిగా పోవల్ల. పైకి పోయేకి కాళ్ళు మిగలల్ల సార్" అనెను.

"సరే లేరా" అంటిని. విన్నట్లు తల యూపితినే గాని వినలేదు. వినకపోవుటకు కారణము ఇప్పుడు వ్రాయుటకు సిగ్గగుచున్నది. ఆ బాలుడు తెలుగులో నా తరగతి కంతటికిని వెనుకబడినవాడు. గుణింతములు తప్పును, వత్తులు తప్పును. వత్తులు సరిగా వ్రాయలేనివాడు నాకు చెప్పునదేమి యని నాలోని పండితుడు అనుకొనెను.

ఇక పందెపు సంగతి. నంది కొండ మన ప్రాంతమువారికి కొత్త కాదు. శిఖరము సముద్రమట్టమునకు 1,478 మీటర్ల ఎత్తున నున్నది. క్రింద భోగనందీశ్వరుడు, పైన యోగనందీశ్వరుడు. 1791లో ఇంగ్లీషు సేనలు టిప్పు సుల్తానువద్దనుండి ఈ దుర్గమును పట్టుకొనెను. ఆ చేరువనున్న ముద్దేనహళ్ళిలో 1861లో జన్మించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పూర్వులు తెలుగు సీమలోని మోక్షగుండమునుండి వచ్చినవారు. ఈ కొండల వరుసలో పుట్టిన ఉత్తర పినాకినియే పెన్న యను పేర 597 కిలోమీటర్లు ప్రవహించి, నెల్లూరు జిల్లాలో సముద్రమున కలియును. మన భాష మాటలాడువారికి ఈ కొండ పరాయిది కాదని చెప్పుటకే ఇంత వ్రాసితిని.

పందెపు దారి దాదాపు 8 కిలోమీటర్లు. మలుపులు 30కి పైబడి యుండును. ఇందు మనము ఎక్కు ఎత్తు 400 మీటర్లకు మించును. నా లక్ష్యము 40 నిమిషములు. విద్యార్థులారా, ఈ లక్ష్యమును మీ భౌతికశాస్త్రపు లెక్కతో చూడుడు. నేనును నా సైకిలును కలిసి 80 కిలోలు. ఎత్తు 400 మీటర్లే యనుకొందము. 80ని 9.8తోను, 400తోను గుణింపగా 3,13,600 జౌళ్ళు. దానిని 40 నిమిషములకు, అనగా 2,400 సెకనులకు పంచగా దాదాపు 131 వాట్లు. పాతకాలపు 60 వాట్ల బల్బులు రెంటిని 40 నిమిషములు ఆరకుండ వెలిగించుటకు అంత శక్తి కావలెను. రాపిడికిని గాలికిని పోవునది అదనము. నా సైకిలునకు ముందు చక్రములో 34 పళ్ళు, వెనుక పెద్ద చక్రములో 28 పళ్ళు. ఆ గేరులో పెడలు ఒకమారు తిరిగినచో సైకిలు సుమారు రెండున్నర మీటర్లు పోవును. అనగా కొండపైకి 3,200 మార్లు త్రొక్కవలెను. నిమిషమునకు 80 మార్లు. కిలోమీటరునకు 5 నిమిషములు. ఈ లెక్క అంతయు ఒక కాగితముపై వ్రాసి, మడచి, జేబులో పెట్టుకొంటిని. లెక్క సరియైనదే. దానిని జేబులోనే యుంచుట నా పొరపాటు.

ఆ ఉదయము మంచు దట్టముగా కురియుచుండెను. చేతివ్రేళ్ళు కొంకర్లు పోవుచుండెను. నా వంతు రాగా ఒక యువకుడు సైకిలు సీటు పట్టుకొని నన్ను నిలిపెను. మరియొకడు గడియారము చూచుచు కన్నడములో "ఐదు, నాల్కు, మూరు, ఎరడు, ఒందు" అని లెక్కించెను. త్రోవ ప్రక్క నిలిచిన పదిమంది చప్పట్లు కొట్టిరి. ఆ చప్పట్లే నన్ను చెరచినవి.

నాకంటె నిమిషము ముందు బయలుదేరిన యెఱ్ఱచొక్కా యాయన మొదటి మలుపునకు పైన మంచులో కనబడెను. అతనిని పట్టుకొనవలెనని బుద్ధి పుట్టినది. నా పందెము గడియారముతో గాని అతనితో కాదను మాట మరచితిని. గట్టి గేరు వేసి, లేచి నిలిచి త్రొక్కితిని. మొదటి రెండు కిలోమీటర్లు 10 నిమిషములలో పోవలసినది 7 నిమిషముల 30 సెకనులలో పోతిని. ఎంతటివాడనైతినని ఉప్పొంగితిని. యెఱ్ఱచొక్కా మాత్రము ఎంత దూరముననుండెనో అంత దూరముననే యుండెను.

మూడవ కిలోమీటరునందు ఊపిరి చాలలేదు. కండరములకు అందు ప్రాణవాయువునకు మించి పని చేయించినచో అది అప్పు చేసి పెండ్లి చేయుటవంటిది. పెండ్లినాడు బాగుగనే యుండును. అప్పులవాడు తరువాత వచ్చును. నా అప్పులవాడు మూడవ కిలోమీటరునకే వచ్చెను. తొడలు బండబారినవి. నోరు ఎండిపోయినది. గేరు దించితిని, ఇంకను దించితిని, దించుటకు గేరులు లేకపోయినవి. నాలుగవ కిలోమీటరున, నా తరువాత నిమిషమునకు బయలుదేరిన అమ్మాయి, ఇరువది యేండ్లుండునేమో, నన్ను సమీపించెను. ఆమె పెడళ్ళు గోడగడియారపు లోలకమువలె ఒకే తీరున తిరుగుచుండెను. "బన్ని సార్, బన్ని" అని నన్ను ఉత్సాహపరచి, దాటి, మలుపు తిరిగి మాయమాయెను. ఆ తరువాత మరియొకరు. మరియొకరు.

తరువాతి మలుపున నేను కాలు క్రింద మోపితిని. పందెమున అంతకంటె అవమానము లేదని అప్పుడనిపించినది. పిట్టగోడపై కూర్చున్న కోతి యొకటి నన్ను నిదానముగా పరిశీలించి, నావద్ద తినుటకేమియు లేదని గ్రహించి ముఖము త్రిప్పుకొనెను. నాకు నవ్వు వచ్చినది. నవ్వుటకైన ఊపిరి తిరిగినందున, ఆ బాలుని మాటయు జ్ఞప్తికి వచ్చినది: పైకి పోయేకి కాళ్ళు మిగలల్ల. నాకు మిగులలేదు.

రెండు నిమిషములు నిలిచి, తిరిగి ఎక్కితిని. ఈసారి ఎవరిని చూడలేదు. చూచుటకు ముందు ఎవరును లేకుండుట కూడ నిజమే. ఒకటి, రెండు అని ఇరువదివరకు లెక్కించుచు, మరల మొదటినుండి లెక్కించుచు, మోపు కట్టుకొన్నవానివలె త్రొక్కితిని. చిత్రమేమనగా, చివరి కిలోమీటర్లు వాలెక్కువైనను, నడుమ పడిన యాతన అక్కడ పడలేదు. గమ్యము చేరునప్పటికి 47 నిమిషముల 20 సెకనులు. పైన మంచు విడిపోవుచుండెను. క్రింది చెరువులు ఒక్కొక్కటిగా వెలికి వచ్చుచుండెను. కాని ఆ శోభను చూచు స్థితిలో నేను లేను.

అసలు కథ అక్కడినుండియే మొదలగును. కొంతసేపటికి నిర్వాహకులు ఫలితములను మైకులో చదివిరి. మొదటివాని మొదలు చివరివాని వరకు, వరుసగా. మొదటివానికి పట్టినది నా కాలములో సగమునకు కొంచెము పైన. చప్పట్లు మ్రోగినవి. పది పేర్లవరకు మ్రోగినవి. ముప్పదవ పేరునకు జనము ఉప్మా పొట్లములు విప్పుకొనిరి. ఏబదవ పేరునకు కుర్చీలు మడచుచుండిరి. మైకు పట్టిన యువకుడు నవ్వుచు, "ఇంకా ఉన్నారు, ఇంకా ఉన్నారు, ఓపిక పట్టండి" అను భావమువచ్చునట్లు కన్నడములో ఏదియో చమత్కరించెను. అందరును నవ్విరి. ఆ నవ్వు ఆరకముందే నా పేరు చదువబడెను. ఆ యువకునికి దురుద్దేశమేమియు లేదు. నేనును నవ్వితిని. కాని నా చెవులు భగ్గుమనినవి.

ఆ క్షణమున నాకు నా తరగతి గది కనబడినది.

ఇరువది యేండ్లుగా నాకొక అలవాటు. పరీక్ష పేపర్లను మార్కుల వరుసలో పేర్చి, మొదటివాని మొదలు చివరివాని వరకు పేరు, మార్కులు బిగ్గరగా చదువుచు పంచుదును. సెప్టెంబరు పరీక్షలో ఆ బాలునికి నూటికి 11 మార్కులు వచ్చినవి. చివరి పేపరు అతనిదే. నేను దానిని ఎత్తి చూపి, "ఈ పేపరులో తప్పులు లెక్కించుటకంటె ఒప్పులు లెక్కించుట సులభము" అంటిని. తరగతి నవ్వెను. నా చమత్కారము నాకే నచ్చెను. అతడు తల వంచుకొని వచ్చి పేపరు తీసికొని పోయెను. అది జరిగిన నెలకే మిట్టపై నాకొరకు కాచుకొని, కాళ్ళు మిగుల్చుకొనుమని చెప్పినవాడు అతడే.

అంతతో పోలేదు. పందెమునకు వారము ముందు అతని తండ్రి బడికి వచ్చి, "వాన్ని నిలిపేస్తాం సార్. నాకు చదువు రాదని వాడే చెప్తుండాడు. తోటలో పనైనా నేర్చుకోనీ" అనెను. నేను, "మీ యిష్టము, ఆలోచించుకొనుడు" అని పంపివేసితిని. మన తరగతిలో ఉన్నదే 17 మంది. తెలుగు బడికి పిల్లలు తగ్గిపోవుచున్నారని సభలలో మాటలాడువారిలో నేనొకడను. ఒక పిల్లవాడు బడి విడిచిపోవుచుండగా, అతనికి చదువు రాదని నమ్మించినది ఎవరో నాకు తోచలేదు. కొండపైన, మైకు ముందు, చెవులు మండుచుండగా తోచినది.

నన్ను దాటిపోయిన అమ్మాయి ప్రక్కనే మెట్టుపై కూర్చుండి చిన్న పుస్తకములో ఏదియో వ్రాసికొనుచుండెను. ఆమె పేరును నడుమ ఎక్కడనో చదివిరి. ఆమె తల యెత్తి చూడనైన లేదు. ఎన్నవ స్థానము వచ్చినదని అడిగితిని. తెలియదనియు, కిందటిసారి 39 నిమిషములు పట్టినదనియు, ఈసారి 36 పట్టినదనియు కన్నడములో చెప్పి, సంతోషముతో ఆ పుట నాకు చూపెను. అందులో ఇతరుల పేర్లు లేవు. తేదీలు, నిమిషములు, తాను చేసిన పొరపాట్లు, అంతే. పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందు దినములలో, పిల్లవాని ప్రగతిని అతని పూర్వస్థితితో పోల్చవలెనని పరీక్షలో నాలుగు పుటలు వ్రాసి మంచి మార్కులు తెచ్చుకొన్నవాడను నేను. వ్రాసినదానిని పాటించుచున్న మనిషిని ఆనాడు మొదటిసారి చూచితిని.

మరునాడు మీరు "ఎన్నో ప్లేసు" అని అడిగినప్పుడు నేను చెప్పలేకపోయినది ఇందుకే. చెప్పుటకు ధైర్యము చాలలేదు. మూడవనాడు చెప్పితిని. ఆ తరగతివారికి జ్ఞాపకముండును. ఆ బాలుని లేపి, "నీవు చెప్పిన మాట వినక 61వ వాడనైతిని" అని చెప్పితిని. "మొదుట్లో జోరుగా పోయినారా సార్?" అని అతడు జాలిగా అడిగెను. "పోయినాను" అంటిని. ఆపైన, అతని పేపరు విషయమున నేనాడిన మాటకు అందరి ముందే క్షమాపణ చెప్పితిని. తప్పు పదిమందిలో చేసి క్షమాపణ చాటున చెప్పుట న్యాయము కాదు. ఆ సాయంకాలము సైకిలుపై వారి మిట్ట యెక్కి, తండ్రిని కలిసికొని, "రాదన్నది అబద్ధమయ్యా. ఆ అబద్ధము నేను చెప్పినది. ఈ సంవత్సరము ముగియనిమ్ము" అని కోరితిని. ఆయన కొంతసేపు ఆకు తరుగుచు మాటలాడలేదు. తరువాత, "మీరే ఇంటిదాకా వచ్చినారు. చూద్దాం సార్" అనెను.

నాటినుండి నా తరగతిలో వరుసగా పేర్లు చదువుట లేదు. ప్రతి సోమవారము 50 మాటలు చెప్పి వ్రాయింతును. తన తప్పులు ఎన్నియో ఎవరికి వారు తమ చిన్న పుస్తకములో తేదీతో వ్రాసికొందురు. ఆ బాలుని పుస్తకములో మొదటి అంకె 38. అనగా 50 మాటలలో 38 తప్పులు. 2024 మార్చి నాటికి 21. నడుమ ఒకమారు 40కి పోయినది. ఆ వారము వారి పట్టుపురుగులు నాలుగవ నిద్ర లేచినవి, రాత్రింబగళ్ళు మేత వేయవలసివచ్చినది. ఆ కారణమును గూడ అతడు ప్రక్కన తప్పులతోనే వ్రాసియుండెను. అతడు ఇప్పటికిని అందరికంటె వెనుకనే యుండవచ్చును. కాని 38కిని 21కిని నడుమ దూరమెంతయో, దానిని ఎక్కుటకు ఎన్నిమార్లు త్రొక్కవలెనో నాకు తెలియును. అతడు బడి మానలేదు. 2024లో 10వ తరగతిలో చేరెను.

నేనును ఆ మార్చినెలలో ఒంటరిగా నంది కొండకు పోయి, ఈసారి మొదటి రెండు కిలోమీటర్లు 10 నిమిషములకు తగ్గకుండ, అతడు చెప్పినట్లు పోతిని. 41 నిమిషముల 50 సెకనులు పట్టినది. కాలు క్రింద మోపలేదు. చప్పట్లు కొట్టుటకు ఎవరును లేరు.

ఇది చదివి, పోటీ వలదని, మార్కులు వలదని నేను చెప్పుచున్నానని విద్యార్థులు సంతోషింపవలదు. గడియారమునకు దయ లేదు. 47 నిమిషములు పట్టినచో 47 అనియే చూపును, 46 అనదు. మొదట వచ్చినవానికి దక్కిన చప్పట్లు న్యాయముగా దక్కినవే. గడియారము చేయని పని ఒక్కటి కలదు: అది ఒకని కాలమును చూపి మరియొకనిని నవ్వదు. తల్లిదండ్రులకు నా మనవియు ఇదియే. మీ పిల్లవానిని పొరుగు బడి పిల్లవానితోను, ఇంగ్లీషు చదువు చదువు బంధువుల పిల్లవానితోను పోల్చకుడు. కిందటి నెల తన మాతృభాషలో ఎన్ని తప్పులు వ్రాసెనో, ఈ నెల ఎన్ని వ్రాసెనో అడుగుడు. తగ్గకపోయినచో నన్నడుగుడు.

వీలైనచో మరల ఆ పందెమునకు పోవలెనని యున్నది. ఆ బాలుడు దారి మొదట నిలిచి, నేను జోరుగా పోయినచో "మెల్లిగా సార్" అని కేకవేయుదునని మాట యిచ్చెను. నా లక్ష్యము 40 నిమిషములే. ఆ మరునాడు తరగతిలో ఎన్నవ స్థానమని నన్ను అడుగకుడు. ఎన్ని నిమిషములని అడుగుడు. వెంటనే చెప్పుదును.